పరుపు పేరు కాదు, పడుకునే తీరు చూడండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో తక్కువ ధరలో హైబ్రిడ్ పరుపు కొనాలనుకునేవారి కోసం ఈ ఉత్తరం. హైబ్రిడ్ అంటే కింద పాకెట్ స్ప్రింగులు, పైన ఫోమ్ లేదా లేటెక్స్ (రబ్బరు) పొర. ఒక్కో స్ప్రింగు విడిగా గుడ్డ సంచిలో ఉండాలి. తీగతో కలిపి కట్టిన బోనెల్ స్ప్రింగులైతే ఒకరు కదిలితే పక్కవారికి మెలకువ వస్తుంది. ఏ స్ప్రింగో బిల్లులో రాయించుకోండి.

ఒత్తిగిలి పడుకునేవారికి భుజం, తుంటి కాస్త దిగాలి. పైన 2 నుంచి 3 అంగుళాల మెత్తని పొర లేకపోతే చెయ్యి తిమ్మిరెక్కవచ్చు. వెల్లకిలా పడుకునేవారు దుకాణంలోనే పది నిమిషాలు పడుకుని నడుము కింద అరచెయ్యి పెట్టి చూడాలి. సులువుగా దూరిపోతే పరుపు మరీ గట్టిది, అసలు దూరకపోతే మరీ మెత్తన. బోర్లా పడుకునేవారికి గట్టిదే కావాలి, లేకుంటే పొట్ట దిగి నడుము వంగుతుంది.

మన ఎండలకు మెమరీ ఫోమ్ (ఒంటి ఆకారానికి తగ్గట్టు మెల్లగా దిగే ఫోమ్) మందంగా ఉన్నది వద్దనే చెబుతాను, అది ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. చిల్లులున్న లేటెక్స్ మేలు, ధర మాత్రం ఎక్కువే. మామూలు ఫోమ్ అయితే సాంద్రత అడగండి. ఘనపు మీటరుకు 32 కిలోలకన్నా తగ్గితే త్వరగా గుంటపడుతుంది.

మంచం చెక్కల మధ్య సందు 3 అంగుళాలు మించితే మంచి పరుపైనా కుంగుతుంది. చుట్టి వచ్చిన పరుపును విప్పాక ఒక రోజు పొంగనివ్వండి. 3 నెలలకోసారి తలవైపును కాళ్లవైపుకు తిప్పండి, పైపొర ఒకవైపే ఉంటుంది కాబట్టి బోర్లించవద్దు.

– ఒక పాఠకుడు, తిరుపతి