నిషేధించిన మందునే రాసిస్తున్నారు, మంత్రి గారూ

గౌరవనీయులైన ఉద్యాన శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

బెరడు తొలిచే పురుగు గురించి మేమిచ్చిన దరఖాస్తులు మీ దాకా వచ్చాయో లేదో తెలియదు. రసీదులు మాత్రం మా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా వైపు ముదురు బత్తాయి తోట ఏదైనా చూడండి. కొమ్మ చీలే పంగ దగ్గర, నమిలి ఉమ్మిన పొగాకులా పొట్టూ పెంటికలూ సన్నటి దారాలతో అల్లుకుని బెరడు మీద పాకి ఉంటాయి. దాని కింద చెక్కలోకి రంధ్రం. పురుగు పగలంతా అందులోనే ఉంటుంది. రాత్రి బయటికొచ్చి, ఆ గూడు చాటునే బెరడు గీక్కు తింటుంది. మిట్టమధ్యాహ్నం వచ్చి, ‘పురుగేం కనబడట్లేదు, పోషకాల లోపం’ అని రాసుకుని, ఫోటో అప్‌లోడ్ చేసి వెళ్లిన సారుకి ఏం చెప్తాం?

మాకిచ్చిన కరపత్రంలో గూడు ఊడ్చేసి, డైక్లోరోవాస్‌లో ముంచిన దూది రంధ్రంలో పెట్టి, బంకమట్టితో మూయమన్నారు. మంచి సలహానే. కాకపోతే ఆ మందు 2020 డిసెంబర్ 31 నుంచి దేశమంతా నిషేధం! బదులు ఏం వాడాలంటే ‘పైనుంచి రావాలండీ’ అంటారు. పైన ఉన్నది మీరే కదా సార్.

ప్రస్తుతానికి సైకిల్ చువ్వ కొస వంచి, రంధ్రం రంధ్రంలో గుచ్చి పురుగును లాగుతున్నాం. కొసకి తడి అంటితే చచ్చినట్టు లెక్క, అంటకపోతే మళ్లీ గుచ్చాలి. కూలీలు ఈ పనికి రారు. పోనీ మా తోట మేం బాగు చేసుకున్నా, పక్కన బోరెండి వదిలేసిన తోట ఉంది. తొలకరికి అక్కడి రెక్కల పురుగులొచ్చి మా చెట్ల పగుళ్లలో గుడ్లు పెడతాయి. జామ, రేగు, తుమ్మ, దేన్నీ వదలవు. ఏడాదికి ఒక్క తరమే కదా, ఊరంతా ఒకేసారి పట్టుకుంటే తగ్గదా? ఆ మీటింగ్ పెట్టేదెవరు? రైతు వేదిక ఉంది, దానికి తాళం కూడా ఉంది.

కొత్త తోటలకు డ్రిప్ సబ్సిడీ ఇస్తున్నారు, సంతోషం. కాపుకొచ్చిన కొమ్మ ఎండి గాలికి విరుగుతుంటే అడిగే దిక్కు లేదు. వదిలేసిన తోటల సంగతి తేల్చండి. ఏ మందు వాడాలో ఒక్క ముక్క రాసి పంపండి, అదీ ఎండాకాలం పోకముందే. వీలైతే రాత్రిపూట ఎవరినైనా పంపండి సార్, టార్చిలైటు మేమే పడతాం.

ఇట్లు,
ఒక బత్తాయి రైతు,
నల్గొండ జిల్లా