మామయ్యా, మీ క్యారేజిని పరీక్షించాను

టోర్నియో, ఫిన్‌లాండ్
నవంబరు 16, ఆదివారం

మామయ్యకు నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు, అత్తయ్య, అమ్మమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మధ్యాహ్నం మూడు గంటలకే దీపాలు వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. నదిలో ఒడ్డు వెంబడి మంచు కట్టడం మొదలైంది. వంతెన దాటితే స్వీడన్. అక్కడ గడియారం ఇక్కడికన్నా గంట వెనక ఉంటుంది. అమ్మమ్మ దీన్ని ఎన్నిసార్లు చెప్పినా నమ్మడం లేదు.

కిందటి వారం ఫోనులో మీరు అడిగినదానికి సమాధానం చెప్పకుండా మాట దాటవేశాను. "స్టీలు ఫ్యాక్టరీలోనే ఉన్నావు కదరా, రేటు ఎటు పోతుందో చెప్పలేవా? సరుకు ఇప్పుడే దింపుకోవాలా, ఆగాలా?" అన్నారు. అది ఫోనులో తేలే మాట కాదు. పైగా ఇంకో సంగతి కూడా చెప్పాల్సి ఉంది. దాన్ని ఉత్తరం మధ్యలో పెడతాను. చదివాక కోప్పడకండి.

ముందు నా పని చెబుతాను. మీరు అందరికీ "మా మేనల్లుడు స్టీలు ఇంజనీరు" అంటున్నారట. నిజానికి నేను తుక్కు యార్డులో ఉంటాను. మిల్లు పక్కనే రోయ్త్తా రేవు ఉంది. దాని దగ్గర గుట్టలు పోసి ఉంటుంది తుక్కు. బీరు పీపాలు, పాల ట్యాంకులు, ఆసుపత్రి బల్లలు, కాగితం మిల్లుల్లోంచి పీకేసిన గొట్టాలు, కార్ల సైలెన్సర్లు. వీటిని గ్రేడుల వారీగా వేరు చేయించడం నా బాధ్యత. మీరు పాత గిన్నెలు తూకం వేసుకుని కొత్త గిన్నెకు రేటు తగ్గించి ఇస్తారే, అదే వ్యాపారం. తూకం మాత్రం ఓడల లెక్కన.

ఈ మిల్లు కొత్త స్టీలును చాలావరకు పాత స్టీలుతోనే చేస్తుంది. కావలసిన క్రోమియం పక్క ఊరు కెమిలోని గనినుంచి వస్తుంది. ఐరోపా సమాఖ్య మొత్తానికి క్రోమైట్ గని అదొక్కటే. 1959లో అక్కడ మంచినీటి కాలువ తవ్వుతుంటే నీళ్ళలో దిగిన ఒక డైవరు కంటికి తళుక్కున మెరిసిన రాయి వల్ల అది బయటపడిందట. 1968లో ఫెర్రోక్రోమ్ (క్రోమియం, ఇనుము కలిసిన లోహం) కొలిమి, 1976లో స్టీలు మిల్లు వచ్చాయి. నాన్నగారు ఉంటే ఈ కొలిమి చూపించేవాణ్ణి. గరివిడిలో ఆయన జీవితమంతా ఫెర్రో అల్లాయ్ ముద్దలు చల్లారాక పగలగొట్టించి, లారీలకు ఎత్తించడంతోనే గడిచింది కదా. ఇక్కడ చల్లారనివ్వరు. కరిగిన ఫెర్రోక్రోమ్‌ను ఎర్రగా ఉండగానే స్టీలు చేసే చోటికి తీసుకుపోతారు. మళ్ళీ కరిగించే కరెంటు ఖర్చు మిగులుతుంది. కరెంటు రేటు పెరిగిందంటే బొబ్బిలి గ్రోత్ సెంటరులో ఏ కొలిమి ఆరుతుందోనని ఊరంతా గుసగుసలాడుకునేది గుర్తుందా? ఆ ఖర్చు ఎంతదో చిన్నప్పుడు నాకు తెలియదు. ఇక్కడికి వచ్చాకే అర్థమైంది.

ఇప్పుడు మీ రేటు సంగతి.

మీరు 304 అని అమ్మే సరుకులో నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్, మిగిలినదంతా దాదాపు ఇనుమే. తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం. పాల మీద మీగడలాగా స్టీలు మీద కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడి ఆ పొర చిరిగినా, గాలి తగిలితే మళ్ళీ తానే కట్టుకుంటుంది. నికెల్ ఆ లోహాన్ని మెత్తగా, సాగేట్టుగా చేస్తుంది. రేకును లోతుగా నొక్కి బిందె చేసినా పగలదు. క్రోమియం పెద్ద ఖరీదైనది కాదు. నికెల్‌తోనే వచ్చింది చిక్కంతా. టన్ను 304లో ఉండేది 80 కిలోల నికెలే, కానీ ధర ఆడేది దాని చుట్టూనే.

2022 మార్చి 8న లండన్ లోహాల మార్కెట్లో ఏమైందో మీకు చెప్పానా? వారం ముందు టన్ను నికెల్ 25 వేల డాలర్ల దగ్గర ఉంది. ఆ రోజు పొద్దున గంటల వ్యవధిలో లక్ష డాలర్లు దాటింది. ధర పడుతుందని పందెం కాసినవాళ్ళలో చైనాకు చెందిన త్సింగ్‌షాన్ కంపెనీ పెద్దది. రష్యా యుక్రెయిన్ మీదికి వెళ్ళడంతో ధర ఎదురు తిరిగి అందరి గొంతుకూ చుట్టుకుంది. లెక్క వేసుకోండి, ఆ ధరకు టన్ను 304లో ఒక్క నికెల్‌కే 8 వేల డాలర్లు. చివరికి మార్కెట్ వాళ్ళు తలుపులు మూసి, ఆ రోజు బేరాలన్నీ రద్దు చేశారు. సంతలో బేరం కుదిరాక తూచిన మిరపకాయలు వెనక్కి లాక్కుంటే మన దగ్గర తన్నులాట అయ్యేది. అక్కడ కోర్టులకు వెళ్ళారు. ఆ నెలలోనే మీరు రెండు వారాలు దుకాణంలో రేటు చెప్పడం మానేసి "రేపు రండి" అన్నారని అత్తయ్య చెప్పింది.

ఆ త్సింగ్‌షాన్ వాళ్ళే ఇండోనేషియాలో సులవేసి ద్వీపంలో మొరొవాలి అనే చోట పట్నమంత కర్మాగారాలు కట్టారు. అక్కడి ఎర్రమట్టిలో నికెల్ ఉంది. ముడి మట్టిని ఎగుమతి చేయవద్దని ఇండోనేషియా 2014లో ఆపింది, తర్వాత కొంచెం సడలించింది, 2020 జనవరి నుంచి పూర్తిగా మూసింది. మట్టి కావాలంటే ఇక్కడే కొలిమి పెట్టుకోండి అన్నమాట. పెట్టారు. ఇప్పుడు ప్రపంచంలో తవ్వే నికెల్‌లో సగానికి పైగా ఆ ఒక్క దేశానిదే. శుద్ధ నికెల్ దాకా వెళ్ళకుండా, నికెల్ కలిసిన ముతక ఇనుమును చేసి, దాన్నే స్టీలు కొలిమిలో వేస్తారు. బొగ్గు కరెంటు, చౌక మట్టి, చౌక కూలీ. మీ దుకాణంలో రేటు ఇంకా అందుబాటులో ఉందంటే అందులో ఆ మట్టికీ వాటా ఉంది. 2023 డిసెంబరు 24న అక్కడ ఒక కొలిమికి మరమ్మతు చేస్తుండగా పేలి 21 మంది చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు మా యార్డులో పని నడుస్తూనే ఉంది గానీ ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నాకు నాన్నగారి చేతి మీది కాలిన మచ్చలు గుర్తొచ్చాయి.

ఇంక చైనా. 2000లో అది చేసిన స్టెయిన్‌లెస్ 10 లక్షల టన్నులు కూడా లేదు. 2006 నాటికి జపాన్‌ను దాటింది. 2024లో ప్రపంచం మొత్తం 6 కోట్ల 26 లక్షల టన్నులు పోస్తే అందులో 3 కోట్ల 94 లక్షలు చైనావే, అంటే నూటికి 63 పాళ్ళు. మొత్తం ఐరోపా కలిపితే సుమారు 60 లక్షలు. మనవాళ్ళు 2016లో 33 లక్షల టన్నులతో జపాన్‌ను దాటి రెండో స్థానానికి వచ్చారు. తర్వాత ఇండోనేషియా ఆ మెట్టు మీదికే ఎక్కి మనల్ని భుజంతో నెడుతోంది.

ఒక తమాషా వినండి. 2021 నవంబరులో ఐరోపా సమాఖ్య భారత్, ఇండోనేషియాల నుంచి వచ్చే కోల్డ్ రోల్డ్ (చల్లగా ఉండగానే రోలర్లతో పలచన చేసిన) స్టెయిన్‌లెస్ మీద అదనపు సుంకం వేసింది, మరీ చౌకగా అమ్ముతున్నారని. ఆ సుంకం కాపాడే మిల్లుల్లో మాదీ ఒకటి. అంటే మన దేశపు సరుకు రాకుండా కట్టిన గోడ ఇవతల కూర్చుని నేను జీతం తీసుకుంటున్నాను. క్యాంటీనులో ఇది చెబితే ఇక్కడివాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ఇప్పుడు చెప్పాల్సిన మాట.

నేను బయల్దేరేటప్పుడు మీరు ఇచ్చిన నాలుగు గిన్నెల క్యారేజి గుర్తుందిగా? మూత మీద నా పేరు మీరే చెక్కారు. పెళ్ళిళ్ళ రోజుల్లో మీ దుకాణంలో ఆ మిషనుతో పేర్లు చెక్కి అక్షరానికి పావలా సంపాదించినవాణ్ణి కదా, 'ప్ర' ఒత్తు మీరు తప్పుగా వేశారని అప్పుడే చూశాను, చెప్పలేదు. రోజూ దానిలోనే అన్నం తీసుకువెళ్తాను. మా యార్డులో తుపాకిలాంటి ఎక్స్‌రే పరికరం ఉంటుంది. లోహానికి ఆనించి మీట నొక్కితే రెండు మూడు సెకన్లలో దేనిలో ఎంత ఉందో తెర మీద చూపిస్తుంది. ఒక రోజు భోజనం వేళ, సరదాకి, క్యారేజికి ఆనించాను.

క్రోమియం 15. మాంగనీసు 10 దరిదాపు. నికెల్ ఒకటి.

మామయ్యా, అది 304 కాదు. 200 సిరీస్, అంటే నికెల్ తగ్గించి మాంగనీసు పోసిన చౌక రకం. పక్కనున్న ఫిన్నిష్ ముసలాయన తెర చూసి "ఇది మా గుట్టలో పడితే బ్యాచి పాడవుతుంది" అన్నాడు. నా అన్నం గిన్నె గురించి! నాకు కోపం వచ్చింది, ఆయన మాటలో తప్పు లేకపోయినా.

మీరు మోసం చేశారని నేను అనను. మీకు టోకుగా ఇచ్చినవాడు 304 అన్నాడు. మీరు అయస్కాంతం పెట్టి చూశారు. అంటుకోలేదు, అసలు సరుకే అనుకున్నారు. మన ఊళ్ళో అందరూ చేసేది అదే, అమ్మ అయితే బజారుకు అయస్కాంతం కొంగున కట్టుకుని వచ్చేది. కానీ ఆ పరీక్ష మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. మాంగనీసు పోసి చేసిన 200 సిరీస్‌కు కూడా అయస్కాంతం అంటదు. ఇంకోవైపు, అసలైన 304 రేకును లోతుగా నొక్కితే వంపుల దగ్గర కొంచెం అంటుతుంది. నికెల్ అసలే లేని 430 గట్టిగా అంటుతుంది, అలాగని అది నకిలీ కాదు. చెంచాలకు, ఇండక్షన్ పొయ్యి గిన్నెల అడుగుకు వాడేది అలాంటి రకాన్నే. అయస్కాంతం పట్టి మీరు వెనక్కి పంపిన సరుకులో ఎంత మంచిది పోయిందో.

200 సిరీస్ దొంగ లోహమూ కాదు. 1950ల్లో కొరియా యుద్ధం నాడు అమెరికాలో నికెల్‌కు కటకట వస్తే అక్కడ బాగా వాడుకలోకి వచ్చింది. మన దేశంలో నికెల్ గనులు లేవు, అందుకే మనవాళ్ళు దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయి నికెల్‌ను ఒక పాలుకు దించారు. మనం తయారుచేసే స్టెయిన్‌లెస్‌లో పెద్ద భాగం అదే. పేదవాడింట్లోకి స్టీలు బిందె వచ్చిందంటే దాని పుణ్యమే. మంచినీళ్ళకు, పొడి పదార్థాలకు ఏ లోటూ లేదు. ఉప్పు, పులుపు నిలవ ఉంటేనే దానికి చిల్లుల్లాంటి మచ్చలు త్వరగా పడతాయి. అమ్మమ్మ ఆవకాయను జాడీలోంచి స్టీలు డబ్బాలోకి మార్చనివ్వదే, అది చాదస్తం కాదు. చల్లనీళ్ళలో ఉప్పు వేసి గిన్నె అడుగున కరగకుండా వదిలేస్తే 304కు కూడా మచ్చ పడుతుంది. నీళ్ళు కాగాక వేసి కలపమని అత్తయ్యకు చెప్పండి.

నాకున్న బాధ ఒక్కటే, 200ను 200 అని చెప్పి 200 ధరకు అమ్మకపోవడం. మీ రసీదు మీద "304" అని ముద్ర ఉంది. ఆ ముద్ర తీసేయండి. లేదా టోకు వ్యాపారిని మిల్లు ఇచ్చే పరీక్ష పత్రం అడగండి. ఇవ్వనంటే సరుకు వద్దనండి. 2024 మార్చిలో స్టీలు గిన్నెలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మీకు అది చిరాకుగానే ఉంటుందని తెలుసు. కానీ వీధి చివర దుకాణం వాడికీ మీకూ తేడా చూపించడానికి అంతకన్నా మంచి అవకాశం రాదు.

రేటు మాటకు వస్తే, పెరుగుతుందో తగ్గుతుందో నేను చెప్పలేను. చెప్పగలనన్నవాడి మాట వినకండి. చైనాలో ఇళ్ళు కట్టడం మందగించి సరుకు ఎక్కువగా పడి ఉంది. ఇండోనేషియా ప్రభుత్వం గనులకు ఏటా ఎంత అనుమతి ఇస్తే దాన్ని బట్టి నికెల్ ఆడుతోంది. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం సరుకు దింపకండి. పెళ్ళిళ్ళకు సరిపడా బిందెలు, గుండిగలు, కంచాలు ఉంచుకుంటే చాలు.

ఒక మాట మాత్రం ధైర్యంగా చెబుతాను, అడిగేవాళ్ళు తగ్గరు. మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 3 కిలోల స్టెయిన్‌లెస్ పడుతుంది. ప్రపంచ సగటులో సగం దాకా. ఒకప్పుడు అందులో సింహభాగం వంటింటికే పోయేది, అంటే మీ చేతుల మీదుగానే. ఇప్పుడు రైలు పెట్టెలు, మెట్రోలు, మందుల ఫ్యాక్టరీల ట్యాంకులు లాక్కుంటున్నాయి. 2018 తర్వాత మన రైల్వేలు పాత నీలం పెట్టెలు చేయడం మానేసి స్టెయిన్‌లెస్ పెట్టెలకు మారిపోయాయి. ఇక్కడ దానికి తలకిందులు. వీళ్ళ బల్ల మీద పింగాణీ, గాజు. స్టీలంతా గోడల వెనక, లిఫ్టుల్లో, కాగితం మిల్లుల్లో దాగి ఉంటుంది. నేను స్టీలు గ్లాసుతో నీళ్ళు తాగుతుంటే ఇది పిల్లలకా అని అడిగారు.

అమ్మమ్మ బుడితి కంచు గిన్నె ఇంకా అటక మీదే ఉందా? ఎవరికీ తూకానికి ఇవ్వకండి. వేసవిలో వచ్చినప్పుడు తీసుకువస్తాను.

అత్తయ్యకు, అమ్మమ్మకు నమస్కారాలు. చిన్నాడికి దీవెనలు.

ఇట్లు,
మీ మేనల్లుడు
ప్రసాద్

తా.క. క్యారేజి పారేశాననుకునేరు. ఇవాళ కూడా దానిలోనే పులిహోర తిన్నాను. తినగానే కడిగేశాను.