ఉప్పాడ సముద్రపు కోత ఎవరి లెక్కలోనూ లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

సముద్రం కోసుకుపోతున్న మా ఉప్పాడ తీరానికి రక్షణ గోడ గురించి మళ్లీ మాటలు వినిపిస్తున్నాయి. తుఫాను వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఇదే వరస. నాయకులు వస్తారు, కోసుకుపోయిన చోట నిలబడి చూస్తారు. బీచ్ రోడ్డు మీదికి కెరటాలు ఎత్తి పడేసిన రాళ్లను పొక్లెయిన్‌తో పక్కకు తోయిస్తారు. కొత్త గోడకు అంచనాలు వేయిస్తామని చెప్పి వెళ్తారు. గోడ వద్దని నేను అనడం లేదు. ఉన్న ఇళ్లను ఈ ఏడాదికైనా కాపాడాలంటే ఏదో ఒక అడ్డం వేయాల్సిందే. కానీ గోడతోనే పని అయిపోయిందనుకుంటే మాకు చివరికి మిగిలేది రాళ్లే.

ఉప్పాడలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా నింపిపెడతాను. అందుకని సముద్రం తీసుకుపోయినవన్నీ నా దగ్గరికి కాగితాలుగా వస్తాయి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇంటి పట్టా. ఆధార్ కార్డులో వీధి పేరు ఉంటుంది, ఊళ్లో ఆ వీధి ఉండదు. మొన్నామధ్య ఒక మామ్మ ప్లాస్టిక్ కవర్లో చుట్టి పన్ను రసీదు తెచ్చింది. ఉప్పు చెమ్మకి మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. అద్దం మీద ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి కాపీ తీశాను. "అమ్మాయ్, ఇల్లున్నట్టు దీంట్లో రాసుంది కదా, లేదని రాయించుకోవాలంటే ఏ కాగితం పెట్టాలి?" అని అడిగింది. నాకు తెలిసినంతలో అలాంటి కాగితం ఏదీ లేదు.

ఆవిడ ఇల్లు తుఫానులో పోలేదు. పున్నమి పోటుకి కొంత, అమావాస్య పోటుకి కొంత అరుగు కింద మన్ను జారిపోయింది. తర్వాత వంటింటి గోడ కూలింది, ఆ తర్వాత మిగతాది. తుఫాను నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఏ తుఫానులో పోయిందని అడిగారట. ఏం చెబుతుంది? దేశమంతటికీ వర్తించే విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, వరద ఉంది, వడగళ్ల వాన కూడా ఉంది. సముద్రపు కోత లేదు. ఒక్క రాత్రిలో పోయిన ఇంటికి పరిహారం దొరకొచ్చు, మూడేళ్లపాటు రోజూ కొంచెం కొంచెం పోయిన ఇంటికి దొరకదు. నష్టం రెండిళ్లకీ ఒకటే కదా.

దీనికి దారి లేకపోలేదు. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో 10 శాతం వరకు స్థానికంగా ప్రకటించుకున్న విపత్తులకు వాడుకోవచ్చు. కేరళ తీరపు కోతను అలాగే రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. కేంద్రం, రాష్ట్రాల మధ్య నిధుల పంపకం సూచించే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోత వల్ల ఇళ్లు పోయినవారి పునరావాసానికి మరో 1,000 కోట్లు కేటాయించాలని సిఫార్సు చేసింది. ఇందులో నదుల కోత కూడా కలిసే ఉంది. అంటే కోతకు ఇళ్లు పోతాయని, వాళ్లను వేరే చోట నిలబెట్టాలని దిల్లీలో ఒప్పుకున్నారు. మా ఊళ్లో ఎవరి ఇల్లు ఎప్పుడు పోయిందో రాసిపెట్టిన రిజిస్టరు ఒక్కటైనా ఉంటే కదా అలాంటి డబ్బు అడగగలిగేది!

ఇక ఇసుక సంగతి. మా తీరం నిలబడేది ఇసుక మీదే, ఆ ఇసుక తెచ్చేది గోదావరి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గోదావరి 1970లలో ఏడాదికి దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. మిగతాది ఎగువన ఆనకట్టల వెనక ఆగిపోతోంది. వచ్చిన కాస్తా దక్షిణం నుంచి ఉత్తరంగా తీరం వెంబడి జరుగుతూ పోవాలి. దారిలో హోప్ ఐలాండ్ ఉంది. అది గోదావరి ఇసుకతోనే పొడుగ్గా పెరిగిన దిబ్బ. దాని చాటున కాకినాడ ఓడరేవు పెరిగింది, పట్నానికి రక్ష దొరికింది. ఆ దిబ్బకు ఉత్తరాన ఉన్న మాకేమో ఇసుక తగ్గి, కెరటం తాకిడి పెరిగింది. ఓడల కోసం తవ్వే లోతు కాలువలు కూడా ఇసుక దారికి అడ్డమే.

ఇసుక రాని చోట రాళ్లు పోస్తే ఏమవుతుందో మా ఊరివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పదిహేనేళ్ల కిందట కోట్లు ఖర్చుపెట్టి జియో ట్యూబులతో కట్ట వేశారు. ఇసుక నింపిన ఆ పెద్ద సంచులు కొన్నాళ్లు బాగానే ఆపాయి. తర్వాత చిరిగిపోయాయి. వాటి మీద, వాటి పక్కన రాళ్లు. రాతికి కొట్టుకున్న కెరటం ముందున్న ఇసుకను లాక్కుపోతుంది, కట్ట ఎక్కడ ఆగితే దాని పక్క ఊరిని కొరుకుతుంది. సుబ్బంపేటను కాపాడితే మాయాపట్నం పోతుంది. ఫైబర్ బోటుని ఒడ్డుకి లాగి పెట్టుకుందామంటే ఇసుక లేదు. వల ఆరేసుకునే చోటు లేదు, చేపలు ఎండబెట్టుకునే చోటు అంతకన్నా లేదు. వేటకి వెళ్లేవాడికి ఒడ్డు లేకపోవడమంటే రైతుకి కళ్లం లేకపోవడం లాంటిది.

విశాఖలో ఏం చేస్తున్నారో చూడండి. అక్కడ ఓడరేవు గోడల దగ్గర ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి, పైపుల ద్వారా ఆర్కే బీచ్ వైపు పోస్తున్నారు. ఇది ఎన్నో ఏళ్లుగా సాగుతున్న పని. ఆపితే బీచ్ కోసుకుపోతుందని వాళ్లకి తెలుసు. పర్యాటకులు నడిచే బీచ్‌కి చేసే పని, జనం బతికే ఊళ్లకి ఎందుకు చేయరు? ఇది నిజంగా బాధతో అడుగుతున్న మాట.

మాకు ఉత్తరాన ఉన్న కోన గ్రామం దగ్గర కొత్త పోర్టు వస్తోంది. మా కుర్రాళ్లకు ఉద్యోగాలు వస్తే నాకూ సంతోషమే. వాళ్ల అప్లికేషన్లు నింపేది నేనే. కానీ పోర్టు అంటే సముద్రంలోకి గోడలు, గోడలంటే దక్షిణాన ఇసుక మేట, ఉత్తరాన కోత. ఈ రోజు మేం పడుతున్నది రేపు ఆ పోర్టుకి ఉత్తరాన ఉన్న ఊళ్లు పడకూడదు. 2019 నాటి తీర నియంత్రణ నిబంధనల్లో జనసాంద్రత ఎక్కువున్న పల్లెల దగ్గర కట్టడాలు కూడని హద్దును 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించారు. కోత ఇంత వేగంగా ఉన్న చోట 50 మీటర్లు ఎన్నాళ్లు ఉంటాయి?

నేను కోరేది ఎక్కువేం కాదు. సముద్రపు కోతను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పోయిన ఇళ్లకు తేదీతో సహా పంచాయతీలో రిజిస్టరు పెట్టాలి. స్థలాలు ఇస్తే వేటకి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఇవ్వాలి. ఎక్కడో మెరక మీద కాలనీ కట్టి తాళాలిస్తే మగవాళ్లు బోట్ల దగ్గర, ఆడవాళ్లు పిల్లలు అక్కడ అయిపోతారు. ఓడరేవులకు, హార్బర్లకు ఇచ్చే అనుమతిలోనే ఏటా ఎంత ఇసుక ఉత్తరానికి పంపాలో రాయాలి. ఆ ఖర్చు వాళ్లదే కావాలి. పంపారో లేదో, తీరం ఎంత జరిగిందో ఆర్నెల్లకోసారి కొలిచి, తెలుగులో రాసి, పంచాయతీ గోడకి అతికించాలి. కొత్త గోడ టెండరు పిలిచే ముందే ఈ మొదటి కొలత జరగాలని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమానురాలు,
ఉప్పాడ, కాకినాడ జిల్లా.