ఎడారి గద్దకు అమెరికా తల పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో థార్ ఎడారి పక్షుల మీద వచ్చిన వ్యాసం బాగుంది. దాని పక్కన వేసిన బొమ్మ గురించే ఈ ఉత్తరం. నారింజ రంగు ఇసుక దిబ్బలు, వెనక పెద్ద సూర్యుడు, పైన రెక్కలు చాచిన తెల్ల తల గద్ద. ఆ గద్ద ఉత్తర అమెరికాది. నదులు, సరస్సుల పక్కన ఉంటూ ఎక్కువగా చేపలు పట్టి తింటుంది. థార్‌లోనే కాదు, మన దేశంలో ఎక్కడా అది ఉండదు. వ్యాసంలో ఉన్నది రాజస్థాన్‌లోని బికనీర్ రాబందుల సంగతి, బొమ్మలో ఉన్నది డాలర్ నోటు మీది పక్షి. పిల్లలు వ్యాసం చదివినా చదవకపోయినా బొమ్మ చూస్తారు, అదే గుర్తుంచుకుంటారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

నేను ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మాది అనంతపురం జిల్లా కణేకల్లు వైపు. హగరి నది ఒడ్డున గాలికి ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరిగి వచ్చే ప్రాంతం. రిటైరయ్యాక చలికాలంలో బికనీర్ వెళ్లి, ఊరి బయట జోర్‌బీర్ అనే చోట కూర్చుని వాటర్ కలర్లతో గద్దల్ని, రాబందుల్ని వేస్తున్నాను.

జోర్‌బీర్ అంటే చచ్చిన పశువులను, ఒంటెలను తెచ్చి పడేసే మైదానం. వాసన భరించడం కష్టం. ఎటు చూసినా ఎముకలు, వాటి మధ్య కుక్కల గుంపులు. బొమ్మలు వేసుకోవడానికి పోయే చోటేనా అది అని మా ఇంట్లో అడిగారు. కానీ వేటపక్షులు, రాబందులు ఇన్ని రకాలు ఒకేచోట కంటికి దగ్గరగా కనిపించడం అరుదు. కజకిస్తాన్, మంగోలియా వైపు నుంచి స్టెప్పీ గద్దలు చలికాలం గడపడానికి అక్కడికి వస్తాయి. హిమాలయ రాబందులు, గ్రిఫన్ రాబందులు వస్తాయి. రెక్కలు విప్పితే దాదాపు 3 మీటర్లుండే సినేరియస్ రాబందు దిగితే మిగతావి పక్కకు జరిగి చోటిస్తాయి. పచ్చని మొహం, తెల్లని ఒళ్లు ఉన్న చిన్న రాబందులు కుక్కల కాళ్ల మధ్య నుంచే ముక్కలు లాక్కుపోతాయి.

అక్కడ నారింజ రంగు ఎక్కడా లేదు. బికనీర్ ఇసుక లేత గోధుమ రంగు, మధ్యాహ్నానికి కళ్లు చెదిరే తెలుపు. థార్‌లో చాలా భాగం సినిమాల్లో చూపించే నున్నటి దిబ్బలు కావు. సేవణ్ గడ్డి దుబ్బులు, జిల్లేడు పొదలు, అక్కడక్కడా ఖేజ్డీ చెట్లు. ఖేజ్డీ అంటే ఏదో కాదు, దసరాకు మనం పూజ చేసే జమ్మి చెట్టే. గద్ద కింద ఒక జమ్మి కొమ్మ వేస్తే మన పిల్లలకు ఆ ఎడారి పరాయిగా ఉండదు.

స్టెప్పీ గద్దను వేయడం చాలా కష్టం. పక్షిదీ నేలదీ దాదాపు ఒకటే రంగు కావడమే కారణం. నేలను బాగా పలచగా, తడి మీదే వేసి వదిలేయాలి. పక్షి దగ్గర మాత్రం కాగితం ఆరనిచ్చి గట్టి అంచు తీయాలి. నీడకు నల్ల రంగు వాడితే బొమ్మ చచ్చిపోతుంది. అల్ట్రామెరైన్ నీలంలో కొంచెం బర్న్ట్ సియన్నా అనే ఎర్రమట్టి గోధుమ రంగు కలిపితే ఆ ఎండలోని నీడ వస్తుంది. ఆ పొడి గాలికి రంగు నిమిషంలో ఆరిపోతుంది కాబట్టి నీళ్లలో ఒకటి రెండు చుక్కల గ్లిజరిన్ వేసుకుంటాను. ఇక ముఖ్యమైనది నోరు. స్టెప్పీ గద్దకు నోటి పసుపు గీత కంటి వెనక అంచు దాకా పోతుంది. అక్కడే ఉండే టానీ గద్దకు కంటి మధ్య దగ్గరే ఆగిపోతుంది. ఈ ఒక్క గీత తేడా వస్తే పక్షే మారిపోతుంది. ఫోటో చూసి వేసేవాళ్లు కూడా ఓపికగా చూస్తే ఇది పట్టుకోవచ్చు.

1619లో ఇరాన్ షా పంపిన డేగ ఒకటి పిల్లి దాడిలో గాయపడి చనిపోతే, దాని రూపం నిలిచి ఉండాలని మొఘల్ చక్రవర్తి జహంగీర్ తన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ చేత బొమ్మ వేయించాడు. డేగ అంటే ఏదో ఒక డేగ కాదు, ఫలానా డేగ అనే పట్టింపు మన చిత్రకళలో 400 ఏళ్ల కిందటే ఉంది.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. రాబందు అనగానే మెడ వేలాడేసుకుని కూర్చున్నట్టు వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న రాబందు పొద్దున రెక్కలు చాపి ఎండ కాచుకుంటుంది. నేల వేడెక్కి గాలి పైకి లేచాక చుట్లు తిరుగుతూ ఎత్తుకు పోతుంది. గంటల తరబడి మెడ వేలాడేయడం జబ్బుపడ్డ రాబందుల్లో కనిపించే లక్షణం. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాల ద్వారా రాబందుల కిడ్నీలను పాడుచేసింది. 1990ల నుంచి మన దేశంలో కొన్ని జాతులు 95 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. రాబందులకు అదే హాని చేస్తున్న కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో ఆపారు. మందు తిని చావబోయే పక్షి భంగిమను మనం ఆ జాతి స్వభావంగా బొమ్మలో పెడుతున్నామంటే నాకు బాధగా ఉంటుంది. లేపాక్షిలో జటాయువు విగ్రహానికి దండం పెట్టేవాళ్లే రాబందు బొమ్మ ఇంట్లో ఉంటే అపశకునం అంటారు. నా బొమ్మలు కొన్ని అలాగే వెనక్కి వచ్చాయి.

కరెంటు తీగలు తీసేసి వేయమని కూడా సలహా ఇస్తుంటారు. నేను తీయను. ఎడారిలో చెట్లు తక్కువ కాబట్టి గద్దలు స్తంభాల మీదే వాలతాయి, ఆ తీగలు తగిలే చాలా చస్తాయి. అది లేకుండా ఇవాళ్టి థార్ బొమ్మ పూర్తి కాదు.

మీకు రెండు విన్నపాలు. పక్షి బొమ్మ వేసినప్పుడల్లా కింద దాని పేరు, అది ఉండే చోటు వేయండి. అప్పుడు వేసేవాళ్లే జాగ్రత్తపడతారు. పిల్లల పేజీలో ఈ చలికాలం వేటపక్షుల బొమ్మల పోటీ పెట్టండి. రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు, మన నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాలకు చలికాలంలో హారియర్ గద్దలు వస్తాయి, వాటిని చూసి వేయమనండి. నమూనాకు బొమ్మలు కావాలంటే నావి పంపిస్తాను. డబ్బులేమీ అక్కర్లేదు, తీగలు మాత్రం కత్తిరించకుండా అచ్చేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
కణేకల్లు, అనంతపురం జిల్లా