దామలచెరువు కనుమ దగ్గర ఒక బోర్డు పెట్టించండి

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి,
నమస్కారం. దామలచెరువు అంటే అందరికీ మామిడి మార్కెట్ గుర్తొస్తుంది. కానీ 1740 మే నెలలో, సరిగ్గా మామిడి కాలంలోనే, ఆర్కాట్ నవాబు దోస్త్ అలీ ఖాన్ ఇక్కడి కనుమలో యుద్ధం చేస్తూ చనిపోయాడు. కొడుకు హసన్ అలీ కూడా ఆయనతోపాటే నేలకొరిగాడు.

చౌత్ (మరాఠాలు వసూలు చేసే నాలుగో వంతు కప్పం) బకాయిల కోసం మరాఠా సేనాని రఘోజీ భోంస్లే సైన్యంతో వచ్చాడు. నవాబు కనుమకు అడ్డంగా కాపు కాశాడు. మరాఠాలు కాపలా లేని వేరే దారిన దిగి వెనకనుంచి కమ్ముకున్నారు. ఆ ఘట్టం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మరుసటి ఏడాది తిరుచిరాపల్లి మరాఠాల చేతికి చిక్కింది, అక్కడ పాలిస్తున్న దోస్త్ అలీ అల్లుడు చందా సాహెబ్ బందీ అయ్యాడు. 1742లో కొత్త నవాబు, దోస్త్ అలీ మరో కొడుకు సఫ్దర్ అలీ హత్యకు గురయ్యాడు. ఆ గద్దె తగాదాలోకే తర్వాత ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు దూరారు.

ఇంత జరిగిన చోట నాకు ఒక్క బోర్డు కూడా కనిపించలేదు. మా పిల్లలకు చూపించడానికి ఏమీ లేదు సార్. పురావస్తు శాఖవారితో స్థలం గుర్తింపజేసి, రోడ్డు పక్కన తెలుగులో నాలుగు వాక్యాల ఫలకం పెట్టించండి. వచ్చే మామిడి సీజన్‌లోపు పెడితే వేలమంది రైతులు చదువుతారు.

ఇట్లు,
పాకాల మండలవాసి