“ఎన్ని చెంచాలు?” అని అడిగినందుకు

బరువు తగ్గడానికి ఫోన్‌లో కలిసి నడుపుకుంటున్న మా ఆదివారం గుంపులోని పిన్నిగార్లకు, అక్కలకు, అన్నయ్యలకు, సముద్రాల అవతల ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ధన్యవాదాలు. బరువు తగ్గుతామంటే “ఆల్ ది బెస్ట్” అనేవాళ్ళకు కొదవలేదు. “కూరలో నూనె ఎన్ని చెంచాలు పోశారు? చిన్న చెంచానా, పెద్ద చెంచానా?” అని అడిగేవాళ్ళే దొరకరు. మీరు అడిగారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఒకరి వంటింటి లెక్క ఇంకొకరు సరిచూశారు. ఎవరి మాట ఎక్కడ పనికొచ్చిందో వివరంగా రాస్తే, ఇదే ప్రయత్నంలో ఉన్న మిగతావాళ్ళకీ అందుతుందని ఈ పోస్టు.

మొదటి దండం పోపు గరిటె గురించి చెప్పిన విజయనగరం పిన్నిగారికి. గ్రాము నూనెకి 9 కేలరీలు. 5 మి.లీ. చిన్న చెంచాలో సుమారు 40, 15 మి.లీ. పెద్ద చెంచాలో సుమారు 120. సీసా వంచి పోస్తే ఎంత పడిందో కంటికి ఆనదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీల ఆహారానికి రోజుకి నూనె 27 గ్రాములని ఉంది. అంటే ఆరు చిన్న చెంచాలు. పొద్దున దోశ, మధ్యాహ్నం వేపుడు, రాత్రి చారులో పోపు, అన్నీ అందులోనే. తగ్గాలనుకునేవాళ్ళు నాలుగు చెంచాల దగ్గర ఆగితే మేలు. “చెంచాడు నూనెలో ఆవాలు చిటపటలాడవు, మాడిపోతాయి” అని అందరూ అనే మాటే. తప్పు నూనెది కాదు, మూకుడుది. వెడల్పు మూకుట్లో చెంచాడు నూనె పల్చగా పరుచుకుపోతుంది, ఆవాలు మునగవు, ఒకపక్కే మాడతాయి. అదే నూనె పోపు గరిటెలో పోసి కాస్త వంచి పట్టుకుంటే ఆవాలు, మినప్పప్పు, మెంతులు అన్నీ మునిగి వేగుతాయి. ఇంగువ, కరివేపాకు స్టవ్ కట్టేశాక వేస్తే చాలు. రుచిలో తేడా పట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

వేపుళ్ళ సంగతి తేల్చినది కూడా ఆవిడే. వంకాయ స్పాంజి లాంటిది, లోపలంతా గాలి గదులు. పచ్చి ముక్కలు నూనెలో వేస్తే ముందు ఆ గదులు నూనెతో నిండుతాయి. ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉడికిస్తే ఆ గదులు కూలిపోతాయి, తర్వాత రెండు చెంచాల నూనెతో వేపుడు తేలిపోతుంది. దొండకాయకీ అరటికాయకీ ఇదే పద్ధతి. బెండకాయకి మాత్రం ఆవిరి పనికిరాదు, జిగురు కడుతుంది. కడిగి పూర్తిగా తుడిచి ఆరబెట్టాక తరిగి, మూత లేకుండా వేయించి, ఉప్పు ఆఖర్న వేయాలి.

ఇక అన్నం. ఈ ఒక్క విషయం మీద జరిగినంత చర్చ గుంపులో ఇంకే విషయం మీదా జరగలేదు, జరగాల్సిందే. మన భోజనం వరస ఎలా ఉంటుంది? పప్పులోకి కాస్త, కూరలోకి కాస్త, పులుసో చారో వస్తే మళ్ళీ కాస్త, పెరుగులోకి ఇంకాస్త. ప్రతిసారీ కొత్తగా వడ్డించుకుంటాం కాబట్టి మొత్తం ఎంతయిందో ఎవరికీ గుర్తుండదు. పైగా పులుసు మిగిలిందని అన్నం, అన్నం మిగిలిందని పెరుగు. మానేయమన్న సలహాలు రెండు వారాలు మించి నిలవవు. పెరుగన్నం తినకుండా కంచం ముందు నుంచి లేవమంటే తెలుగువాడు ఎన్నాళ్ళు లేస్తాడు? అందుకే గుంటూరు అక్క చెప్పిన పద్ధతి నిలబడింది. పూటకి తినాల్సిన అన్నమంతా ఒకేసారి కంచంలో పెట్టుకుని మూడు కుప్పలు చేయాలి. పప్పుకొకటి, చారుకొకటి, పెరుగుకొకటి. కూరకి అన్నం లేదు, కూర ఊరికే తినాలి, అదీ అన్నం కంటే ముందు. గిన్నె తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోవాలి. బల్ల మీద ఉంటే లెక్క ఉండదు.

కొలత కూడా తేలింది. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మి.లీ., నిండా పోస్తే బియ్యం సుమారు 150 గ్రాములు, కేలరీలు 500 పైచిలుకు. మామూలు 240 మి.లీ. కప్పుతో కొలిచి “ఒక కప్పే” అనుకుంటే అక్కడే మూడో వంతు ఎక్కువ. 75 గ్రాముల బియ్యం వండితే దాదాపు 200 గ్రాముల అన్నమవుతుంది, మూడు కుప్పలకి సరిపోతుంది. ఆ లోటు ఆకలిగా మారకుండా చూడాల్సింది కూర, పప్పు. బియ్యం బదులు కొర్రలు తింటే చాలనుకున్నవాళ్ళకి కర్నూలు అన్నయ్య చెప్పినది కూడా ఇక్కడ రాయాలి. కొర్రల్లో పీచు ఎక్కువ, నిజమే. కేలరీలు మాత్రం బియ్యానికి దగ్గర దగ్గరగానే ఉంటాయి. కొలవకుండా తింటే అవీ బరువు పెంచుతాయి.

పప్పు విషయంలో చాలా ఇళ్ళలో ఒకటే లోపం. నలుగురికి వంద గ్రాముల కందిపప్పు వేసి, టమాటా, నీళ్ళు పోసి గిన్నె నింపేస్తారు. వంద గ్రాముల్లో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు, మనిషికి ఐదారు వస్తాయి. రెండు గంటలకే మళ్ళీ ఆకలి వేసిందంటే అది మనసు బలహీనత కాదు. మనిషికి 35 నుంచి 40 గ్రాముల పప్పు పడాలి, పప్పు గట్టిగా ఉండాలి. సాయంత్రం నాలుగింటికి బజ్జీల వేళకి గుప్పెడు శనగలు నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్ళు. మాంసం ముట్టనివాళ్ళకి వారంలో రెండుసార్లు మీల్ మేకర్. ఎండు 30 గ్రాముల్లో 15 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మరిగే ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉంచి, రెండుసార్లు గట్టిగా పిండేస్తే ఆ వాసన పోతుంది. గుడ్డు తినేవాళ్ళకి ఇంత శ్రమ లేదు, రెండు గుడ్లలో 12 గ్రాములు వచ్చేస్తాయి.

తూకం దగ్గర చాలామంది గుండె జారిపోకుండా నిలబెట్టింది రిటైరైన బాబాయిగారు. పొద్దున లేచి, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చి, ఏమీ తాగకముందు, గట్టి నేల మీద, అదే మిషన్ మీద. చాప మీదో కార్పెట్ మీదో పెడితే తప్పు చూపిస్తుంది. రోజూ అంకె రాసుకోవాలి, చూసి బాధపడకూడదు, ఏడు రోజులవి కలిపి ఏడుతో భాగించాలి. గుంపులో చెప్పాల్సింది ఆదివారం ఆ సగటు మాత్రమే. కారణం ఆయన ఓపిగ్గా ఎన్నోసార్లు రాశారు. ఆవకాయ, పులిహోర తిన్న మర్నాడు ఉప్పు పట్టి ఉంచిన నీటితో కిలో దాకా పెరగొచ్చు. ఆడవాళ్ళకి నెలసరి ముందూ అంతే. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గిందంటే అందులో ఎక్కువ నీరే, ఎందుకంటే ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం దాదాపు మూడు రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చయితే నీరూ పోతుంది. అందుకే రెండో వారం “ఆగిపోయింది” అని గాబరా. వారానికి అర కిలో తగ్గితే మంచి వేగమే. తొందరపడి పస్తులుంటే రెండు మూడు నెలలకి జుట్టు ఊడటం, పిత్తాశయంలో రాళ్ళు, కండ తరిగిపోవడం.

అంకె కదలని వారాల్లో టేపు ఆదుకుంది. టైలరింగ్ చేసే వదిన నడుము చుట్టుకొలత తీసే పద్ధతి రాసిపెట్టారు. ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముక పైభాగానికీ మధ్యన టేపు చుట్టాలి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి, బిగించకూడదు. ప్యాంటు సైజు దీనికి లెక్కలోకి రాదు, పొట్ట కింద నుంచి కట్టుకుంటాం కదా. మన భారతీయులకి డాక్టర్లు చెప్పే హద్దు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80.

నడక గురించి తక్కువ రాస్తాం, ఎందుకంటే దాని మీద ఆశలు ఎక్కువ. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే సుమారు 130 కేలరీలు. పెద్ద చెంచా నూనెతో సమానం. తిండి మార్చకుండా నడకతోనే తగ్గడం చాలా కష్టం. తగ్గిన బరువు నిలవడానికి, షుగరు అదుపుకి మాత్రం నడక కావాలి, ముఖ్యంగా భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు. పదివేల అడుగుల లెక్క 1965లో జపాన్‌లో అమ్మిన అడుగులు లెక్కపెట్టే పరికరం పేరు నుంచి వచ్చింది, డాక్టర్లు కనిపెట్టినది కాదు, కాబట్టి ఆరువేలు నడిచినవాళ్ళు ముఖం వేలాడేసుకోనక్కర్లేదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదేసి చొప్పున మూడు విడతలు, రోజు మార్చి రోజు.

ఇప్పుడు గుంపు నడిపినవాళ్ళకి. వందల మంది ఉన్న గుంపు గుడ్ మార్నింగ్ గులాబీలతో నిండిపోతుందని ముందే గ్రహించి, పదేసి మందిగా విడగొట్టారు. ఇక్కడొకరు, అక్కడొకరు చొప్పున జోడీలు కట్టారు. ఈ ఏర్పాటులో తెలివి ఉంది. మనకి రాత్రి పది, డబ్బాలో జంతికలు పిలిచే వేళ. ఆ సమయానికి వేసవిలో డాలస్‌లో పొద్దున పదకొండున్నర, జోడీ మేలుకునే ఉంటుంది, ఒక వాయిస్ మెసేజ్ పెడితే ఐదు నిమిషాల్లో జవాబు. అక్కడివాళ్ళు సాయంత్రం ఏడున్నరకి ఆఫీసు అలసటతో సోఫాలో కూలబడితే ఇక్కడ ఆరింటికి నడకకి బయల్దేరినవాళ్ళు లేపుతారు. కంచం ఫొటో తినక ముందే పెట్టాలన్న నియమం కూడా మంచిదే. తిన్నాక పెడితే అది తప్పు ఒప్పుకోవడం అవుతుంది, ముందు పెడితే ఒక గరిటె తీసేసే అవకాశం ఉంటుంది. రెండు ఆదివారాలు ఎవరైనా కనిపించకపోతే విడిగా “బాగున్నారా?” అని అడిగారే తప్ప “ఎంతున్నారు?” అని అడగలేదు. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టడం వద్దన్నారు. పొడులు, షేకులు, టీలు అమ్మడానికి వచ్చినవాళ్ళని మర్యాదగా సాగనంపారు. గుంపు పాడయ్యేది గొడవలతో కాదు, ఆ డబ్బాలతోనే.

ఇళ్ళలో పోరు సంగతి. పిల్లల కంచంలో మిగిలిన రెండు ముద్దలు నోట్లో వేసుకోవడం అమ్మలందరికీ అలవాటు. పిల్లలకి ముందే తక్కువ పెట్టి మళ్ళీ అడిగితే వేయడం దానికి మందు. పెళ్ళి విందులో “ఇంకొంచెం వెయ్యనా” అన్నప్పుడు “వద్దు” అంటే ఆగరు. “పెరుగు దగ్గర వేయించుకుంటానండీ” అంటే ముందుకి వెళ్ళిపోతారు. రాజమండ్రి అత్తయ్యగారి ఈ ఉపాయం ఒక డైట్ చార్టుకి సమానం.

డాక్టరమ్మ గారికి ప్రత్యేకంగా. షుగరుకి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్ళు అన్నం సగానికి తగ్గిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చని, తిండి మార్చే ముందే మీ డాక్టరుతో మోతాదు మాట్లాడుకోవాలని ఆవిడ ప్రతి కొత్తవాళ్ళకీ రాశారు. చెమట, వణుకు, గుండెదడ వస్తే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంట తర్వాత మళ్ళీ పరీక్ష చేసుకోవాలి. బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్రలూ తగ్గించాల్సి రావచ్చు. అదీ డాక్టరే చెప్పాలి, గుంపు కాదు.

చివరగా మహబూబ్‌నగర్ అక్కకి, జొన్న రొట్టె కోసం. చుక్క నూనె అక్కర్లేని రాత్రి భోజనం అది, విరిగిపోతోందని చాలామంది వదిలేస్తారు. గోధుమలో ఉండే సాగే గుణం జొన్నకి లేదు, చల్లనీళ్ళతో కలిపితే అంటుకోదు. కప్పు పిండికి దాదాపు అంతే నీళ్ళు బాగా మరిగించి పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పట్టగలిగిన వేడిలోనే ఐదు నిమిషాలు మర్దించాలి. పెనం మీద వేశాక పైన తడి చెయ్యి రాసి, ఆ తడి ఆరగానే తిప్పాలి. నెలలు నిల్వున్న పిండి ఎంత చేసినా పగులుతుంది, పదిహేను రోజులకి సరిపడా మాత్రమే మర పట్టించుకోండి.