బైబిల్ పీరియడ్‌లో అప్పజెప్పడమేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

చిత్తూరులో ఇరవై ఏళ్లుగా సండే స్కూల్ పాఠాలు చెబుతున్నాను. ఇక్కడి క్రైస్తవ ప్రాథమిక బడుల్లో బైబిల్ పీరియడ్ గురించి ఈ లేఖ. చాలాచోట్ల కథ చెప్పడం, వాక్యం కంఠస్థం చేయించడం, మర్నాడు అప్పజెప్పించుకోవడం, అంతే. మాట తడబడితే నిలబెడతారు. దేవుడి వాక్యమంటేనే పిల్లలకు టెన్షన్ పట్టుకుంటోంది. ఇది నన్ను చాలా బాధపెడుతోంది.

ఈ వేసవి వి.బి.ఎస్.లో (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిల్ తరగతుల్లో) పన్నులు వసూలు చేసే జక్కయ్య కథకు ముందు బైబిల్ తెరవలేదు. "నలుగురు పిల్లలు ఒక తోటలో దూరి పది తోతాపురి కాయలు కోసుకున్నారు. తోటాయనకు తెలీదు. ఇప్పుడేం చేయాలి?" అని మూడు, నాలుగు తరగతుల పిల్లలను అడిగి, గుంపులుగా కూర్చోబెట్టాను. ఇచ్చేస్తే సరిపోతుందని కొందరు. తినేసినవి ఎట్లా ఇస్తారని కొందరు. "పోయినేడు రేటు లేదని మా నాయన కాయలు చెట్టుకే వదిలేసినాడు. అయినా అడక్కుండా కోస్తే బాధపడతాడు మిస్" అన్నాడొక రైతు బిడ్డ. అప్పుడు లూకా సువార్త 19వ అధ్యాయం చదివాం. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని జక్కయ్య యేసుతో అన్న మాట రాగానే ఒక పాప "అయితే నలభై కాయలు" అని లెక్క తేల్చింది. మరి డబ్బు లేనివాళ్ల సంగతేమిటని ఇంకో పిల్లాడు అడిగాడు. అంతకుముందు నా పిల్లలకు జక్కయ్య అంటే యేసును చూడ్డానికి మేడిచెట్టెక్కిన పొట్టివాడిగానే గుర్తుండేవాడు.

ముందు సమస్య ఇచ్చి తర్వాత పాఠం చెప్పే ఈ పద్ధతిని (ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్) 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థుల కోసం మొదలుపెట్టింది. ముందు రోగి సమస్య, ఆ తర్వాత దానికి కావాల్సిన చదువు. చిన్నపిల్లలు అన్నీ తామే వెతుక్కోలేరు కాబట్టి చదవాల్సిన భాగం టీచరే చేతికివ్వాలి. జవాబు మాత్రం ముందే చెప్పేయకూడదు. తాగుడు, అప్పులు లాంటి ఇంటి గుట్టు పదిమందిలో బయటపడే సమస్యలు అసలు ఎంచుకోకూడదు.

ఇలా చెబితే ఒక్కో కథకు రెండు మూడు పీరియడ్లు పడతాయి. పడనివ్వండి, కథలు తగ్గించుకుందాం.

ఈ బడుల్లో హిందూ, ముస్లిం పిల్లలూ చదువుతున్నారు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. ఆ సమ్మతిని అడ్మిషన్ ఫారంలో కలిపేయకుండా విడిగా అడగాలి.

జూన్‌లో బడులు తెరిచేలోపు యాజమాన్యాలు, పాస్టర్లు కలిసి టీచర్లకు రెండు రోజులైనా శిక్షణ ఇప్పించాలని, బైబిల్ పీరియడ్‌కు మార్కులు తీసేయాలని కోరుతున్నాను.

– ఒక సండే స్కూల్ టీచర్, చిత్తూరు